పక్కింటి మేడ, మన అప్పు, పట్టని నిద్ర: గోదావరి డెల్టాలో పనిచేసుకు బతికేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నరసాపురం వైపు ఊరు. నాన్న జీవితమంతా కౌలుకే చేశాడు, అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. నేను చాలా ఏళ్ళు డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాశాను. ఏ ఇంటివాళ్ళు ఏ నెల కిస్తీ కట్టలేకపోయారో, ఆ నెల ఆ ఇంటి ఆడమనిషి మొహం ఎలా ఉందో రెండూ దగ్గరగా చూసినదాన్ని. డాక్టర్ని కాదు. డబ్బు గురించి, మనసు గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలకి చదివీ, తెలిసినవాళ్ళని అడిగీ తెలుసుకున్న జవాబులు ఇవి.

అప్పులున్నవాడికి దిగులుండదా అండీ? దాన్ని కూడా జబ్బంటే ఎలా?

దిగులు జబ్బు కాదు. దాళ్వా (రబీ) చేను కోతకొచ్చాక మబ్బు పట్టిందంటే ఏ రైతుకైనా కడుపులో తిప్పినట్టే ఉంటుంది. ధాన్యం మిల్లుకి చేరాక అది దిగిపోతుంది. అలా దిగకుండా రెండు వారాలు దాటినా రోజంతా పట్టుకునే ఉంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంటే, అన్నం సయించకపోతే, కావలసినవాళ్ళు ఇంటికొచ్చినా మాట్లాడబుద్ధి కాకపోతే, నేనెందుకూ పనికిరాను అనే మాట లోపల తిరుగుతూనే ఉంటే, అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది.

మన ఊళ్ళలో ఇది మనసు బాగోలేదు అనే మాటతో బయటికి రాదు. గ్యాస్ అంటారు, గుండె దడ అంటారు, ఒళ్ళంతా లాగేస్తోంది, నరాల నీరసం అంటారు. ఈసీజీ తీయిస్తారు, రక్తపరీక్షలు చేయిస్తారు, సెలైన్ పెట్టించుకుంటారు, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పించుకుని ఇంకో నాలుగు వేలు అప్పుతో ఇంటికొస్తారు. వాళ్ళ నొప్పి నిజమే. ఆ పరీక్షల్లో కనబడే రకం కాదంతే. రిపోర్టులన్నీ మామూలుగా వచ్చి బాధ మాత్రం అలాగే ఉంటే, డాక్టరుతో "నాకు నిద్ర పట్టడం లేదండి, అప్పులున్నాయి, ఏ పని మీదా మనసు పోవడం లేదు" అని ఆ మూడు ముక్కలూ చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

డబ్బుకి ఇబ్బందైతే బుర్ర పనిచెయ్యదు అంటారు. నిజమేనా, లేక మాకే ధైర్యం లేదా?

ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులని పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్షించారు, 2013లో ఆ ఫలితాలు బయటపెట్టారు. మనుషులు వాళ్ళే, చదువూ అదే, కానీ చేతిలో డబ్బు లేనప్పుడు ఆలోచన, ఏకాగ్రత పరీక్షల్లో బాగా వెనకబడ్డారు. డబ్బు వచ్చాక అదే మనిషి తేరుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు. సార్వా (ఖరీఫ్) నాట్ల ముందు, విత్తనాలకీ ఎరువులకీ డబ్బు వెతుక్కునే రోజుల్లో ఆయన చిన్న లెక్క కూడా తప్పు చేసేవాడు, గేటు వెయ్యడం మరిచిపోయేవాడు, మా మీద అరిచేవాడు. అదే మనిషి సంక్రాంతికి ధాన్యం డబ్బు వచ్చాక నెమ్మదిగా ఉండేవాడు. అది ఆయన గుణం అనుకున్నాం మేము.

తిండికి లోటు లేదు, మా అమ్మానాన్నల కంటే బాగానే ఉన్నాం. మరి ఈ బాధేంటి?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే, అదీ సిగ్గుపడుతూ. ఒకప్పుడు ఊళ్ళో పెద్ద లోగిలి ఒకటే ఉండేది, మిగతావన్నీ పాకలు. ఇప్పుడు మీ ఇంటికి రెండు పక్కలా మేడలు లేచాయి, ఒకరికి అమెరికా డబ్బు, ఒకరికి రొయ్యల చెరువుల డబ్బు, మధ్యలో మీ పెంకుటిల్లు కారుతోంది. సంక్రాంతికి కార్లు దిగుతాయి, కొత్త అల్లుడికి ఎన్ని రకాలు వడ్డించారో ఫోన్లో వీడియోలు తిరుగుతాయి. మీ అమ్మాయి పెళ్ళికి పెట్టుపోతలు ఎంతన్నది ఆ మేడలని చూసే తేలుస్తారు, మీ సంపాదనని చూసి కాదు. ఆకలి తీరినా ఈ పోటీ తీరదు.

లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగించిన ఒక అధ్యయనం ఉంది, వైట్‌హాల్ అధ్యయనం అంటారు. వాళ్ళలో పస్తులున్నవాళ్ళు ఎవరూ లేరు, అందరివీ నెల జీతాలే. అయినా మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి, అట్టడుగున ఉన్న బంట్రోతులకి అన్నిటికంటే ఎక్కువ. చుట్ట, సిగరెట్టు అలవాట్లని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985 నుంచి ఆడవాళ్ళని కూడా కలిపి చేసిన రెండో విడతలో ఇంకో సంగతి తేలింది: పని ఎలా చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి అన్నది ఎవరి చేతిలో లేదో, వాళ్ళకి గుండెకీ మనసుకీ దెబ్బ ఎక్కువ. మిల్లు దగ్గర బస్తాలు మోసే జట్టు మనిషికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

దేశం మొత్తం చూస్తే 2022-23 నాటికి ఆస్తిలో 40 శాతం ఒక్క శాతం మంది దగ్గరే ఉందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్ళు లెక్క కట్టారు. మన డెల్టాకైతే దీనికి పాత పునాది ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళొచ్చాయి, సిరీ వచ్చింది, కానీ ఆ సిరి పొలం ఎవరి పేరున ఉందో వాళ్ళింటికే వెళ్ళింది. పొలం ఎవరి పేరున ఉంది అన్నదానికి మన దగ్గర కులం ఊసెత్తకుండా జవాబు చెప్పలేం. కాబట్టి మీ బాధని అసూయ అని మీరే కొట్టిపారేసుకోకండి.

నేను కౌలు రైతుని. పంట బాగా పండినా నాకెందుకు నిద్ర పట్టదు?

ఉదాహరణకి ఎకరానికి 30 బస్తాలు పండాయనుకుందాం, శిస్తు, అంటే పొలం యజమానికిచ్చే కౌలు, 15 బస్తాలకి ఒప్పుకున్నారనుకుందాం. మిగిలిన 15లోంచే దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, వడ్డీ. మీ కష్టం కూలి కూడా అందులోంచే. గాలివాన వచ్చి 20 బస్తాలే వస్తే? చాలాచోట్ల శిస్తు మాత్రం తగ్గదు. నష్టమంతా మీదే, నేల మాత్రం మీది కాదు. పైగా పొలం కాగితాలు మీ పేరున లేవు కాబట్టి బ్యాంకు పంట రుణం, బీమా, తుపాను పరిహారం చాలాసార్లు మీదాకా రావు. ఇన్ని మన చేతిలో లేకుండా పోయాక ఎంత గట్టి మనిషికైనా నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

పైగా రైతు అన్న పేరు కూడా దక్కదు. 2011 సార్వాకి కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా రైతుల గురించి మాట్లాడింది. పొలం మానేస్తే ఆ ఏడాది గడిచేదెలా అన్న భయం సొంత నేల ఉన్నవాడి కంటే కౌలుదారుకీ కూలీకీ ఎక్కువ, కానీ వాళ్ళ గొంతు పెద్దగా వినబడలేదు.

పనికొచ్చే దారి ఒకటుంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకి ఒక కార్డు ఇస్తారు, జనం సీసీఆర్సీ కార్డు అంటారు. అది ఉంటే పంట రుణానికి, బీమాకి, పరిహారానికి అడిగే హక్కు వస్తుంది, పొలం మీద యజమాని హక్కు పోదు. చిక్కేమిటంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. ఆ సంతకం కోసం తిరిగి తిరిగి వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడడం, మా నాన్న మాటల్లో, అప్పు కంటే ఎక్కువ నలిపేసేది.

చెరువులు వేసినవాళ్ళకి డబ్బే డబ్బు కదా, వాళ్ళకేం టెన్షన్?

పెద్ద చెరువులున్నవాళ్ళని పక్కన పెట్టండి. రెండెకరాలు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేసినవాడికి టెన్షన్ మామూలుది కాదు. రాత్రి కరెంటు పోయి నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, వైరస్ తగిలితే, పెట్టిందంతా రెండు మూడు రోజుల్లో పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. గట్టు మీద షెడ్డులో కాపలా పడుకునే కుర్రాడికి సరైన నిద్రే ఉండదు. నిద్రలేమి ఒక్కటే చాలు మనసు పాడవడానికి.

మగాణ్ణి, ఏడవలేను, ఎవరితో చెప్పుకోలేను. సాయంత్రం కొంచెం తాగితే తప్పా?

తప్పు, ఒప్పు సంగతి పక్కన పెట్టి ఏం జరుగుతుందో చెప్తాను. మందు తాగితే త్వరగా నిద్ర పడుతుంది, కానీ అర్ధరాత్రి దాటాక ఆ నిద్రని అదే చెడగొడుతుంది. మర్నాడు దిగులు ఇంకాస్త పెరుగుతుంది, దాన్ని ఆపడానికి ఇంకాస్త తాగాలి. బెల్టు షాపుకి పోయే డబ్బు అప్పుల పద్దులో మళ్ళీ కనిపిస్తుంది.

2022లో దేశంలో 1,70,924 మంది ప్రాణం తీసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. వాళ్ళలో 70 శాతానికి పైగా మగవాళ్ళు. మొత్తంలో నాలుగో వంతుకి పైగా రోజుకూలీలు. డిప్రెషన్ ఏమో ఆడవాళ్ళలోనే ఎక్కువ కనబడుతుంది. ఆడవాళ్ళు చెరువు గట్టు మీదో, సంఘం మీటింగులోనో ఎవరో ఒకరితో చెప్పుకుంటారు, మగవాళ్ళు చెప్పుకోరు అన్నది నేను చూసినంతలో పెద్ద కారణం. కొబ్బరి దింపు కార్మికుడొకాయన నాతో అన్నాడు, "చెట్టెక్కితే కాళ్ళు వణుకుతున్నాయమ్మా, ఆ మాట చెప్తే రేపట్నుంచి పనికి పిలవరు" అని. ఆయనకి వణుకు చెట్టు మీద మొదలవలేదు, కూతురి పెళ్ళికి చేసిన అప్పు దగ్గర మొదలైంది. ఒక్కరికి చెప్పండి. బావమరిదికో, పాత స్నేహితుడికో, ఫోన్లో మొహం తెలియని మనిషికో. నంబరు కింద ఇచ్చాను.

రొయ్యల ప్లాంటులో పని, ఇంటికొస్తే మళ్ళీ పని. నాకేమీ జబ్బు లేదు గానీ ఊరికే ఏడుపొస్తోంది అక్కా, ఏం చెయ్యను?

ముందు మీ రోజుని లెక్కవేద్దాం. ఐసులో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడి తలలు తీసి, ఇంటికొచ్చి వంట, అంట్లు, బట్టలు, అత్తగారి మందులు. 2024 కాలవినియోగ సర్వే చెప్పేదేమిటంటే, మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు జీతం లేకుండా దానికి పెడుతున్నారు, మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. మీ కన్నీళ్ళ వెనక దాదాపు ఐదు గంటల ఆ రెండో డ్యూటీ ఉంది. లేసు అల్లేవాళ్ళకైతే అదీ పనిగా లెక్కలోకే రాదు, ఖాళీగా కూర్చుని అల్లుకుంటోంది అంటారు. నరసాపురం లేసు విదేశాలకి వెళ్తుంది, పేరు వచ్చింది, అల్లిన వేళ్ళకి మాత్రం ముక్కకింత అని వచ్చే కూలి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది.

ఇంట్లో ఒక పని, ఒకే ఒక్కటి, ఇవాళ నుంచి వేరేవాళ్ళు చేసేలా మాట్లాడండి. చిన్నదే కానివ్వండి, రాత్రి అంట్లు అనుకోండి. పనిచోట సూపర్‌వైజరు మాటలతోనో చేతలతోనో ఇబ్బంది పెడుతుంటే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి రాసివ్వొచ్చు. కాన్పు తర్వాత మొదలైన ఏడుపైతే ఆలస్యం చెయ్యకుండా ఆశా కార్యకర్తకి చెప్పండి, అది వేరే సంగతి, తొందరగా చూపించుకోవాలి.

ఆవిడ కువైట్‌లో ఉంది, నేను పిల్లలతో ఇక్కడ. డబ్బు వస్తోంది, అయినా ఇల్లు ఇల్లులా లేదు.

మన డెల్టా ఊళ్ళలో ఈ ఇళ్ళు ఎన్నో. అక్కడ ఆవిడకి నిద్రకి వేళ ఉండదు, పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని దగ్గరుంటుంది, పిల్లల జ్వరం ఫోన్లో చూసి ఏడవడం తప్ప చెయ్యగలిగింది లేదు. ఇక్కడ మీకు "పెళ్ళాం సంపాదన తింటున్నాడు" అనే మాట. పిల్లలకి రెండు వైపులా వెలితి. ఆవిడ పంపిన డబ్బుతో ఏం చేశారో ఆవిడకి ప్రతి నెలా చెప్పండి. డబ్బు ఎటు పోయిందో తెలియక మొదలయ్యే అనుమానాలే ఈ ఇళ్ళలో ఎక్కువ చిచ్చు పెట్టడం చూశాను. ఆవిడ ఫోన్లో మాటలు తగ్గించేస్తే, ఊరికే కోపమొస్తుంటే, అది బెంగ కావచ్చని ముందు అనుకోండి.

కిస్తీ వసూలుకి వచ్చి ఇంటిముందు కూర్చుంటున్నారు. పరువు పోతోంది. ఏం చెయ్యగలం?

చాలా చెయ్యొచ్చు. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పుకి ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. బెదిరించకూడదు, బూతులు తిట్టకూడదు, చుట్టాలకీ పక్కవాళ్ళకీ ఫోన్లు చేసి వేధించకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లు, అంతకుమించి మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి కిస్తీలకే పోయేలా అప్పు ఇవ్వకూడదు. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, వివరాలకి 14448.

రోజు ఫైనాన్స్ లెక్క కూడా ఒకసారి చూడండి. 10,000 అని రాసి 8,500 చేతికిచ్చి, రోజుకి 100 చొప్పున నూరు రోజులు కట్టించుకుంటే వడ్డీ ఏడాదికి నూరు శాతం దాటుతుంది. వంద రూపాయలే కదా అనిపించేలా కట్టిన లెక్క అది.

ఫోన్లో బెట్టింగ్ ఆడి పోగొట్టాడు మా తమ్ముడు.

తిట్టకండి, ముందు ఆపించండి. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. మళ్ళీ మళ్ళీ ఆడాలనిపించడం వైద్యంతో తగ్గేదే.

మనసు డాక్టరు దగ్గరికెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారు. ఆ మాత్రలు అలవాటైపోతాయట కదా?

2015-16 జాతీయ సర్వేలో తేలింది ఇది: పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళందరూ మీతో పాటు బస్సులో కూర్చునేవాళ్ళే. డిప్రెషన్‌కి రాసే మాత్రలకి మత్తు అలవాటు ఉండదు. పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసుకుని పనిచెయ్యలేదని మానేస్తే లాభం లేదు, డాక్టరుకి చెప్పకుండా హఠాత్తుగా ఆపకూడదు. అలవాటయ్యేవి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే కొన్ని నిద్రమాత్రలు. జనం భయపడాల్సినవాటికి భయపడకుండా, అక్కర్లేనివాటికి భయపడుతున్నారు.

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్ళలేకపోతే ముందు పీహెచ్‌సీలో అడగండి. మాటలతో చేసే వైద్యానికి పెద్ద డిగ్రీలే అక్కర్లేదని కూడా రుజువైంది: గోవాలో మామూలు జనానికి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడిస్తే చెప్పుకోదగ్గ మేలు కనబడింది. మన డ్వాక్రా అక్కలకి ఆ శిక్షణ ఇస్తే ఎంత బాగుంటుందో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మాత్ర వేసుకుంటే అప్పు తీరుతుందా?

తీరదు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళ మీద విసుక్కునే డాక్టర్లున్నారు, కానీ ఇది న్యాయమైన ప్రశ్న. కెన్యాలో పేద కుటుంబాలకి ఏ షరతూ లేకుండా డబ్బు ఇచ్చి చూస్తే వాళ్ళ మనసు స్థితి మెరుగైంది. డబ్బూ మందే. అలాగని మాత్ర వృథా కాదు: నిద్ర పట్టి, బుర్ర తేరుకుంటేనే అప్పుల లెక్క ముందేసుకుని కూర్చోగలం.

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా మందుల చీటీతో పాటు అప్పుల చీటీ కూడా రాయిస్తాను. ఎవరికెంత, వడ్డీ ఎంత, కాగితం ఉందా లేదా, మొత్తం ఒకే పేజీలో. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం అని పక్కన రాస్తాం. ఆ అప్పు ముందు తీరాలి, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తక్కువ వడ్డీకి తెచ్చి అయినా సరే. ఆ పేజీ భార్య గానీ భర్త గానీ చూడాల్సిందే. ఎన్నో ఇళ్ళలో రెండో మనిషికి అసలు మొత్తం తెలియదు, దాచినవాళ్ళు ఆ దాచడంతోనే సగం కుంగిపోతారు. మొత్తం చూసిన రోజు గొడవవుతుంది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత నిద్ర పట్టిందని నాతో చెప్పినవాళ్ళున్నారు.

"నేను లేకపోతే మీకే హాయి" అంటున్నాడు. ఊరికే అంటున్నాడా?

ఊరికే అని ఎప్పుడూ అనుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ళ దగ్గర తాళం వేసి పెట్టించండి, ఆ గడ్డు గంటలు దాటిస్తే ప్రాణం నిలుస్తుంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోన్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్ళముందే ఉంటే 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని ఆగొద్దు: 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలంటుంది, శిక్షించాలనదు.

నాకు పదెకరాలుంది, మనుషులు నా దగ్గర పనిచేస్తారు. నేనేం చెయ్యగలను?

ఈ ప్రశ్న నన్ను ఇద్దరే అడిగారు, ఇద్దరి మీదా నాకు గౌరవం. కూలి ఏ రోజుది ఆ రోజు ఇవ్వండి, రేపు రా అని తిప్పించుకోకండి. అడ్వాన్సు అడిగితే పదిమందిలో కాకుండా పక్కకి పిలిచి మాట్లాడండి. ఆడవాళ్ళు పనిచేసేచోట మరుగుదొడ్డి కట్టించండి. వరద, తుపాను ఏడాదిలో శిస్తు తగ్గించండి, అదీ కౌలుదారు వచ్చి బతిమాలేలోపే కబురు పెట్టండి. సీసీఆర్సీ కార్డు కోసం మీ రైతు ఈ సార్వాకి కూడా వస్తాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ పూటే సంతకం పెట్టి పంపండి.